లెక్కలోకి రాని దిగులు: వాతావరణ మార్పు, మనసు, గాజువాక

వాతావరణ మార్పు అనగానే మనం ఉష్ణోగ్రతలు, తుపాన్లు, సముద్రమట్టం, పంట నష్టం గురించి మాట్లాడతాం. అది మనుషుల మనసుల్ని ఏం చేస్తోందన్న ప్రశ్న మాత్రం గత ఇరవై ఏళ్లలోనే గట్టిగా చర్చకు వచ్చింది. ఆ చర్చలో వాడుతున్న మాటలు ఎక్కువగా అమెరికా, ఆస్ట్రేలియా, ఐరోపా విశ్వవిద్యాలయాల్లో పుట్టినవి. వాటిని గాజువాక పునరావాస కాలనీల్లోకి, కొండవాలు బస్తీల్లోకి తెచ్చి చూస్తే కొన్ని అతికినట్టు సరిపోతాయి, కొన్ని చాలవు. చాలని చోట ఉన్నది కులం.

ఈ వ్యాసం ఆ మాటల్ని పరిచయం చేస్తుంది. వాటి వెనుక ఉన్న అధ్యయనాలను, చట్టాలను ఒకచోట పెడుతుంది. ఒక వాదన కూడా చేస్తుంది: దళితుల విషయంలో వాతావరణ మార్పు తెచ్చే మనోవేదనలో పెద్ద భాగం, ఏ జాబితాలోనూ నమోదు కాని నష్టం నుంచి వస్తోంది. కాబట్టి ఆ నష్టాన్ని లెక్కలోకి తేవడం కూడా మానసిక ఆరోగ్య పనే.

పరిశోధకులు వాడే మాటలు

అమెరికా మనస్తత్వవేత్తలు థామస్ డోహెర్టీ, సూసన్ క్లేటన్ 2011లో ఈ ప్రభావాలను మూడు రకాలుగా విడదీశారు. మొదటిది నేరుగా తగిలేది. తుపాను, వరద, వడగాల్పు అనుభవించినవారికి కలిగే భయం, గాయం. రెండోది దూరం నుంచి తగిలేది. జరుగుతున్నదాన్ని చూసి, విని, రేపటి గురించి పడే ఆందోళన. మూడోది సమాజం ద్వారా తగిలేది. ఉపాధి పోవడం, వలస, కరువు, తగాదాలు తెచ్చే ఒత్తిడి.

రెండో రకానికి ఎకో యాంగ్జైటీ అన్న పేరు బాగా ప్రచారంలోకి వచ్చింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2017లో వెలువరించిన నివేదిక దాన్ని పర్యావరణం సర్వనాశనమవుతుందన్న దీర్ఘకాలిక భయంగా చెప్పింది. అయితే దాన్ని జబ్బుల జాబితాలో చేర్చలేదు. నిజంగా ఉన్న ప్రమాదాన్ని చూసి భయపడటం జబ్బు కాదు.

ఆస్ట్రేలియా తత్వవేత్త గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ ఇచ్చిన మాట సోలాస్టాల్జియా. న్యూ సౌత్ వేల్స్‌లోని హంటర్ లోయలో బొగ్గు గనులు విస్తరిస్తున్నప్పుడు అక్కడివాళ్ల బాధను గమనించి ఆయన దాన్ని రూపొందించారు. ఊరు విడిచి వెళ్లినవాళ్లు పడే బెంగ మనకు తెలుసు. ఊళ్లోనే ఉండి, కళ్ల ముందే ఊరు మారిపోతుంటే పడే బెంగ సోలాస్టాల్జియా.

కెనడా పరిశోధకురాలు ఆష్లీ కన్సోలో, ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ ఎల్లిస్ 2018లో పర్యావరణ దుఃఖం అన్న భావనను వివరించారు. మంచు కరిగిపోతున్న ప్రాంతంలోని ఇన్యూట్ ఆదివాసులు, కరువు బారిన పడిన ఆస్ట్రేలియా రైతులు వారి అధ్యయనానికి ఆధారం. నేల, నీరు, చెట్టు, వాటితో ముడిపడిన బతుకు, తెలివి పోయినప్పుడు మనిషి చావుకు ఏడ్చినట్టే మనుషులు ఏడుస్తారని వారు చెప్పారు.

2021 డిసెంబరులో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం విద్యార్థులకు తెలిసి ఉండాల్సింది. భారత్ సహా 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10,000 మందిని అడిగారు. 59 శాతం మంది చాలా లేదా తీవ్రంగా ఆందోళన చెందుతున్నామన్నారు. 75 శాతం మంది భవిష్యత్తు భయంగా ఉందన్నారు. ఆ ఆందోళన తమ రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తోందని 45 శాతానికి పైగా చెప్పారు. భారత్, ఫిలిప్పీన్స్ వంటి దేశాల్లో ఈ చివరి శాతం మరింత ఎక్కువ. అయితే ఇది ఆన్‌లైన్ సర్వే. ఫలితాలు దేశాలవారీగా ఉన్నాయి, కులాలవారీగా లేవు.

ఈ చర్చపై అమెరికాలోనే విమర్శ వచ్చింది. వాతావరణ ఆందోళన ప్రధానంగా తెల్లజాతి వాళ్ల వ్యవహారంగా మారిందని సారా జాకెట్ రే 2021లో రాశారు. బానిసత్వాన్ని, వలస పాలనను అనుభవించినవారికి ప్రపంచం కూలిపోవడం కొత్త విషయం కాదని ఆ విమర్శ సారాంశం. ఊరి బయట బతకాల్సి వచ్చిన మనకు ఆ మాట అర్థం కావడానికి వివరణ అక్కర్లేదు.

మన మాటలు

తెలుగులో ఈ అనుభవాలకు పేర్లు లేక కాదు. బెంగ, దిగులు, గుబులు, బెదురు, దడుపు, మనేద అన్నీ వేర్వేరు. గాలి గట్టిగా వీస్తే ఉలిక్కిపడే పిల్లవాడిది దడుపు. రేపు పని దొరుకుతుందో లేదోనన్నది గుబులు. పోయిన తోట మీద, పోయిన ఊరి మీద ఉండేది బెంగ. ఎవరికీ చెప్పుకోలేక లోపలే తినేసేది మనేద.

ఈ బాధలు చాలాసార్లు ఒంటి మీదుగా బయటికొస్తాయి. గుండె దడ, తలపోటు, కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం, నీరసం. ముందుగా వెళ్లేది ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి. ఒక ఇంజక్షను, నాలుగు బిళ్లలతో ఇంటికి వస్తారు. సర్వే చేసేవాళ్లు మీకు వాతావరణ ఆందోళన ఉందా అని అడిగితే లేదనే అంటారు. వానాకాలం వస్తే రాత్రిళ్లు నిద్ర పడుతుందా అని అడిగితే జవాబు వేరేగా ఉంటుంది.

గాజువాక: ఒకదాని మీద ఒకటి పడిన భారం

గాజువాక మొదట పల్లె, తరువాత మున్సిపాలిటీ. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. ఒక వైపు ఉక్కు కర్మాగారం, మరో వైపు మల్కాపురం రిఫైనరీ, గంగవరం పోర్టు, మధ్యలో ఆటోనగర్. కొంచెం దూరంలో పరవాడ ఫార్మా సిటీ, సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలను అంచనా వేసినప్పుడు విశాఖపట్నం తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలో చేరింది.

ఇక్కడి మొదటి బెంగ వాతావరణ మార్పు కంటే పాతది. 1966 ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. కర్మాగారం కోసం 60కి పైగా ఊళ్ల భూమి తీసుకున్నారు. నిర్వాసిత కుటుంబాలకు ఆర్ కార్డులిచ్చారు. ఆ కార్డు ఉన్నా ఉద్యోగం రాని కుటుంబాల పోరాటం దశాబ్దాలుగా సాగుతోంది. అప్పటి భూసేకరణ 1894 నాటి చట్టం కింద జరిగేది. ఆ చట్టం పరిహారం కట్టింది భూమి యజమానికి. ఆ భూమిలో తరాలుగా కూలి చేసి బతికిన కుటుంబానికి పోయిన పనిదినాలకు, పోయిన మేత బీడుకు, పోయిన చెరువుకు ఖాతా లేదు. ఈ లెక్కను గుర్తుపెట్టుకోవాలి. తుపాను వచ్చినప్పుడు ఇదే లెక్క మళ్లీ ఎదురవుతుంది.

హఠాత్తుగా వచ్చిపడేది. 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. తుపాను కన్ను నగరం మీదుగా వెళ్లింది. కాసేపు గాలి ఆగి, తరువాత ఎదురు దిక్కు నుంచి కొట్టింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, లక్షల చెట్లు కూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. స్లాబు ఇంట్లో ఉన్నవారికి అది భయంకరమైన రోజు. రేకుల ఇంట్లో ఉన్నవారికి ఇల్లే ఆయుధంగా మారిన రోజు. ఎగిరే రేకు మనిషిని కోస్తుంది.

ఇలాంటి అనుభవం తరువాత కొందరికి నెలల తరబడి ఆ దృశ్యాలు కళ్ల ముందు తిరుగుతాయి, పీడకలలు వస్తాయి, చిన్న చప్పుడుకే ఒళ్లు జలదరిస్తుంది. వైద్యులు దీన్ని పీటీఎస్‌డీ అంటారు. 1999 అక్టోబరు 29న ఒడిశాను ముంచిన సూపర్ సైక్లోన్ తరువాత ఏడాదికి మానసిక వైద్యుడు నీలమాధవ్ కర్, ఆయన సహచరులు 447 మంది పిల్లలను, కౌమారులను పరీక్షించారు. సుమారు 30 శాతం మందిలో పీటీఎస్‌డీ కనిపించింది. ఏడాది తరువాత సంగతి ఇది. సహాయక శిబిరాలు మూసేసి చాలా కాలమై ఉంటుంది.

మెల్లగా కరిగించేది. రచయిత రాబ్ నిక్సన్ 2011లో నెమ్మది హింస అన్న మాటను ప్రచారంలోకి తెచ్చారు. ఫొటోకు దొరకని, టీవీలో కనిపించని, ఏళ్ల తరబడి జరిగే హింస అది. గాజువాకలో దానికి రెండు పేర్లు: ఎండ, దుమ్ము. తీర ప్రాంతపు ఉక్కలో చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఫర్నేసు దగ్గర పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి పని వేడికి ఎండ వేడి తోడవుతుంది. కలాసీకి, హమాలీకి, అడ్డా కూలీకి, రోడ్డు ఊడ్చే మహిళకు నీడ దొరకదు. ఇంటికొస్తే రేకు కింద రాత్రి కూడా వేడి దిగదు. నిద్ర లేకపోతే చిరాకు, తగాదా, తాగుడు, దిగులు పెరుగుతాయి. వేడి రోజుల్లో మానసిక సమస్యలతో అత్యవసర విభాగాలకు వచ్చేవారు పెరుగుతారని పలు దేశాల అధ్యయనాలు చూపించాయి. లిథియం, స్కిజోఫ్రేనియాకు వాడే కొన్ని మందులు తీసుకునేవారికి ఎండ మరింత ప్రమాదం. అలాంటివారు సొంతంగా మందు ఆపకుండా వేసవికి ముందే డాక్టరును అడగాలి.

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బతో వెయ్యికి పైగా మరణించినట్టు ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. అయినా 2021-26 కాలానికి కేంద్ర విపత్తు నిధి వర్తించే 12 విపత్తుల జాబితాలో వడగాల్పు లేదు. చలిగాలి ఉంది.

రాబోయేది. ఉక్కు, ఇనుము పరిశ్రమ ప్రపంచ ఇంధన రంగ కార్బన్ ఉద్గారాల్లో సుమారు 7 శాతానికి కారణం. విశాఖ ఉక్కు బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేసుల కర్మాగారం, ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యం. అన్నం పెట్టే పొగగొట్టమే ఊపిరి తీసే పొగగొట్టం. గాజువాక కుర్రాడి మనసులో ఈ రెండూ ఒకేసారి ఉంటాయి. దీన్ని పర్యావరణం మీద ప్రేమ లేకపోవడంగా చూడటం తప్పు.

దీనికి మరో భయం కలిసింది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కులో నూరు శాతం వాటాల అమ్మకానికి సూత్రప్రాయంగా అంగీకరించింది. దీర్ఘ పోరాటం తరువాత 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. ప్రభుత్వరంగ సంస్థలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు ఉంటాయి. ప్రైవేటు సంస్థలో ఉండవు. కాంట్రాక్టు పనిలోనూ ఆ రక్షణ లేదు. కాబట్టి ఐటీఐ చదివే దళిత విద్యార్థి రేపటి గురించి పడే గుబులులో సముద్రమట్టంతోపాటు రోస్టర్ పాయింటు కూడా ఉంది. బొగ్గు నుంచి హరిత ఉక్కుకు మారతామని ఎవరు చెప్పినా ఆ మార్పులో రిజర్వేషన్ ఏమవుతుందని అడగాల్సింది మనమే.

కులం ఎక్కడ చేరుతుంది

తుపాను కులం చూడదని తరచూ అంటారు. గాలి చూడకపోవచ్చు. గాలికి ముందు, గాలి తరువాత జరిగే పనులన్నీ మనుషులు చేసేవే.

మొదట, ఎవరు ఎక్కడ ఉంటారన్నది. పల్లెలో వాగు పక్క, పట్టణంలో గెడ్డ పక్క, కొండవాలు, పోరంబోకు. పట్టా లేని ఇల్లు కూలితే నష్టం రాయడానికి చేయి ఆడదు.

రెండోది, ఎవరు ఏ పని చేస్తారన్నది. మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల గురించి కేంద్రం సేకరించిన వివరాలు 2024లో బయటికొచ్చాయి. నమోదైన సుమారు 38,000 మందిలో దాదాపు 69 శాతం దళితులు. విపత్తు తరువాత నగరం శుభ్రం కావాలంటే పిలిచేది వీళ్లనే. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత నాగపట్నంలో శవాలను తీసేందుకు వేరే పట్టణాల నుంచి తెచ్చిన పారిశుధ్య కార్మికుల్లో అత్యధికులు దళితులు. శవాలను ఎత్తినవారి మనసుకు ఏమైందని అడిగినవారు తక్కువ. రక్షక దళాల్లో పనిచేసేవారికి మానసిక సహాయం అవసరమని ప్రపంచమంతా ఒప్పుకుంటుంది. పారిశుధ్య కార్మికుడిని ఆ జాబితాలో పెట్టరు. అది వాళ్ల పనే కదా అంటారు.

మూడోది, ఎవరికి సాయం ఎలా అందుతుందన్నది. సునామీ తరువాత తమిళనాడులో దళిత కుటుంబాలను శిబిరాల్లో వేరుగా ఉంచడం, తాగునీటి దగ్గర అడ్డుకోవడం, జాబితాల్లో వదిలేయడం వంటి ఘటనలను దళిత సంఘాలు, మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. ఇల్లు పోయిన బాధ ఒకటి. ఇల్లు పోయిన రోజున కూడా పళ్లెం వేరుగా పెట్టించుకోవడం మరొకటి. ఆ రెండో గాయం తుపాను చేసింది కాదు. అందుకే తుపాను బాధకు ఇచ్చే కౌన్సెలింగ్‌తో అది మానదు.

నాలుగోది భూమి. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో దళితులు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు విస్తీర్ణంలో వారి వాటా సుమారు 9 శాతం. పంట నష్టం హెక్టార్ల లెక్కన కడతారు. హెక్టారు లేనివాడికి నష్టం లేదని ఆ కాగితం చెబుతుంది.

నీటికి, నేలకు, కులానికి ఉన్న ఈ ముడి అంబేడ్కర్ ఉద్యమంలో మొదటి నుంచీ ఉంది. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడం ఆత్మగౌరవ పోరాటం. అదే సమయంలో అది ఉమ్మడి వనరుపై హక్కు పోరాటం. దేశంలో పర్యావరణవాదం ఈ చరిత్రను ఎలా పక్కన పెట్టిందో ముకుల్ శర్మ 2017లో వచ్చిన తన పుస్తకం కాస్ట్ అండ్ నేచర్‌లో వివరంగా చర్చించారు.

గుర్తింపు లేని దుఃఖం

అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఒక భావనను ప్రతిపాదించారు. సమాజం గుర్తించని, బయటికి ఏడ్చే హక్కు ఇవ్వని దుఃఖం అది. పోయినదానితో నీకు సంబంధమే లేదని లోకం అన్నప్పుడు ఆ దుఃఖం పుట్టుకొస్తుంది. గుర్తింపు లేకపోతే ఓదార్పు ఉండదు, ఆచారం ఉండదు, సెలవు ఉండదు. బాధ లోపలే గడ్డకడుతుంది. మన మనేద దీనికి దగ్గర మాట.

ఉద్దానాన్ని చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. చెట్టుకు ఇంతని పరిహారం తోట యజమానికి వచ్చింది. ఆ చెట్లెక్కి కాయలు దింపిన మనిషికి, పీచు తీసిన మహిళకు, జీడిపిక్కలు కొట్టిన చేతులకు చెట్టు పోవడమంటే వచ్చే పదేళ్ల పని పోవడం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బతుకుదెరువుకు విశాఖ వచ్చేవారిలో చాలామంది చేరేది గాజువాక వంటి చోట్లకే. వాళ్లు వెంట తెచ్చుకునే బెంగను ఇక్కడి ఏ ఆసుపత్రీ అడగదు.

ఆత్మహత్యల లెక్కలోనూ ఇదే కనిపిస్తుంది. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకారం 2022లో వ్యవసాయ రంగంలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో రైతులు 5,207, వ్యవసాయ కూలీలు 6,083. కూలీలే ఎక్కువ. మనం మాత్రం రైతు ఆత్మహత్యలు అనే అంటాం. పరిహారం కోసం అడిగే కాగితాలు పాసుపుస్తకం, కౌలు కార్డు, అప్పు పత్రం. 2017లో తమ్మా కార్ల్‌టన్ చేసిన అధ్యయనం పంట కాలంలో పెరిగిన వేడికి, భారత్‌లో ఆత్మహత్యలకు సంబంధాన్ని చూపింది. ముప్పై ఏళ్లలో సుమారు 59,300 ఆత్మహత్యల వెనుక వేడెక్కడం ఉందని ఆమె అంచనా. ఏ ఆత్మహత్యకూ ఒకే కారణం ఉండదు. కానీ వానలు తప్పినప్పుడు అప్పు, అవమానం కలిసి ఎవరి మెడకు చుట్టుకుంటాయో ఈ లెక్కలు చెబుతున్నాయి.

కోపం, మొద్దుబారడం, పట్టుదల

భయం, దుఃఖం ఒక్కటే స్పందనలు కావు. మరో మూడు తరచూ కనిపిస్తాయి.

కోపం: నమ్మకద్రోహం జరిగిందన్న భావన. లాన్సెట్ అధ్యయనంలోనూ యువత ఆందోళన వెనుక ప్రభుత్వాలు తమను వదిలేశాయన్న భావన ఉన్నట్టు తేలింది. కోపాన్ని తగ్గించాల్సిన లక్షణంగా మాత్రమే చూసే కౌన్సెలర్ సగమే విన్నట్టు.

మొద్దుబారడం: పదేపదే దెబ్బతిన్నవారు ఏం వచ్చినా పట్టించుకోనట్టు ఉంటారు. బయటివారు దీన్ని ధైర్యమంటారు, లేదా నిర్లక్ష్యమంటారు. తుపాను హెచ్చరిక వచ్చినా ఇల్లు కదలని కుటుంబాన్ని మొండివాళ్లని తిట్టే ముందు పోయినసారి షెల్టర్‌లో వాళ్లకు ఏం జరిగిందో అడగాలి.

పట్టుదల: పునర్నిర్మాణంలో చేయి కలపడం, సంఘంగా కూర్చోవడం, అర్జీ రాయడం, ధర్నాకు వెళ్లడం. మనుషులు కలిసి పనిచేసినప్పుడు నిస్సహాయత తగ్గుతుందని పరిశోధకులూ చెబుతున్నారు. అయితే వీళ్లు ఎంతైనా తట్టుకుంటారన్న పొగడ్త ఒక ఉచ్చు. తట్టుకునే శక్తిని పొగిడి సాయాన్ని తగ్గించడం పాత అలవాటు.

చేతిలో ఉన్న హక్కులు

విపత్తు నిర్వహణ చట్టం 2005లోని సెక్షన్ 61: పరిహారం, సహాయం అందించడంలో లింగం, కులం, సమూహం, వంశం, మతం ఆధారంగా వివక్ష ఉండకూడదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని సెక్షన్ 18: ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే మానసిక ఆరోగ్య సేవలు పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. కులం కారణంగా వివక్ష చూపరాదని ఆ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఆచరణ వేరు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వేర్వేరు మానసిక సమస్యల్లో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009 మార్గదర్శకాలు: విపత్తు స్పందనలో మానసిక, సామాజిక సహాయం భాగంగా ఉండాలి. జిల్లా విపత్తు ప్రణాళికలో దానికి ఏం రాశారో, ఎంత కేటాయించారో సమాచార హక్కు కింద అడగవచ్చు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం, 2015 సవరణతో: ఉమ్మడి వనరులు, నీటి వనరులు వాడకుండా అడ్డుకోవడం నేరం. సామాజిక, ఆర్థిక బహిష్కరణ నేరం. తుపాను రోజైనా మినహాయింపు లేదు.

సుప్రీంకోర్టు 2024 మార్చి 21 తీర్పు: ఎం.కె. రంజిత్‌సిన్హ్ కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కును రాజ్యాంగంలోని 14, 21 అధికరణల నుంచి కోర్టు గుర్తించింది. పేద, అణగారిన సమూహాలపై భారం ఎక్కువ పడటం సమానత్వ హక్కుకే దెబ్బ అన్న తర్కం ఆ తీర్పులో ఉంది. దాన్ని కులం దగ్గరికి తీసుకెళ్లడం మన పని.

కార్యకర్తలు, విద్యార్థులు చేయగలిగినవి

విపత్తు వచ్చిన మొదటి రోజుల్లో మానసిక ప్రథమ చికిత్స ఎవరైనా నేర్చుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 మార్గదర్శిని దాన్ని మూడు పనులుగా చెబుతుంది: చూడాలి, వినాలి, కలపాలి. ఎవరు ఎక్కువ బెదిరి ఉన్నారో చూడాలి. చెప్పదలచుకుంటే వినాలి. సాయం ఉన్న చోటికి కలపాలి. జరిగిందంతా చెప్పమని బలవంతం చేయకూడదు. వీడియో కోసం అసలే అడగకూడదు.

సంఘం సొంతంగా నష్టం జాబితా రాయాలి. ప్రభుత్వ ఫారంలో గడి లేకపోయినా పోయిన పనిదినాలు, పనిముట్లు, పట్టా లేని ఇల్లు, మేకలు, కోళ్లు, తడిసిపోయిన కుల ధ్రువపత్రం, సర్టిఫికెట్లు, పిల్లల పుస్తకాలు అన్నీ తేదీతో రాయాలి. చనిపోయినవారి పేరు, జబ్బుపడినవారి వివరాలు, శిబిరంలో ఎదురైన వివక్ష కూడా రాయాలి. గోప్యత కోరినవారి పేరు బయటపెట్టకూడదు. ఒక ప్రతి తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. తన నష్టం కాగితం మీద కనిపించడం బాధితుడికి మొదటి గుర్తింపు. తరువాత అదే సాక్ష్యమవుతుంది.

పారిశుధ్య కార్మికులకు విపత్తు విధుల తరువాత విశ్రాంతి, వైద్య పరీక్ష, మానసిక సహాయం ఇవ్వాలని యూనియన్ డిమాండ్లలో చేర్చాలి. వేసవిలో పని వేళల మార్పు, నీడ, తాగునీరు కోరడం కూడా మానసిక ఆరోగ్య డిమాండే.

పరిశోధన చేసే విద్యార్థులు విదేశీ ప్రశ్నావళిని అనువదించి బస్తీలో పంచి ఊరుకోకూడదు. బెంగ, గుబులు, మనేద అన్న మాటలతో అడగాలి. కులాన్ని తప్పనిసరి ప్రశ్నగా పెట్టాలి. బాధతో పాటు ఎవరు ఏం ఇవ్వలేదో, ఏమన్నారో కూడా అడగాలి.

రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయకూడదు. టెలీ మానస్ నంబరు 14416. రోజంతా ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడవచ్చు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. వివక్షపై ఫిర్యాదుకు జాతీయ అత్యాచార నిరోధక హెల్ప్‌లైన్ 14566. బస్తీ గోడ మీద ఈ రెండు నంబర్లూ పక్కపక్కనే రాసి పెట్టండి. తుపాను తరువాత ఒక ఇంటికి ఈ రెండూ అవసరం కావచ్చు.